జిమ్ చెప్పింది 148 గ్రాములు, కంచంలో ఉన్నది 25

ప్రశ్న: మేడమ్, నా వయసు 32. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. పుట్టిల్లు కవిటి మండలంలో ఒక పల్లెటూరు. పెళ్లయ్యాక శ్రీకాకుళం టౌనులో ఉంటున్నాం, సచివాలయంలో ఉద్యోగం. బాబు పుట్టాక 79 కిలోలకు వచ్చాను. రెండు నెలలుగా డైటింగ్ చేస్తూ సాయంత్రాలు జిమ్‌కి వెళ్తున్నాను. ఇప్పుడు 74 ఉన్నాను. కానీ ఒకటే నీరసం. జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. ఆఫీసు మెట్లెక్కితే కాళ్లు వణుకుతున్నాయి. మా ట్రైనర్ "నీకు ప్రోటీన్ చాలట్లేదు, కిలోకి 2 గ్రాముల లెక్కన రోజుకు 148 గ్రాములు తినాలి" అని పౌడర్ డబ్బా కొనిపించాడు. మా అత్తగారు "మీ వైపు ఇంటింటా కిడ్నీ జబ్బే, ఆ పౌడర్లు నీకెందుకే తల్లీ" అని డబ్బా సీలు తియ్యనివ్వడం లేదు. మా పెదనాన్న కిడ్నీలు పాడయ్యే పోయారు, అందుకని నాకూ భయంగానే ఉంది. బరువులెత్తితే చేతులు మగవాళ్లలా అయిపోతాయని ఆడపడుచు అంటోంది. పలాసలో ఉండే పిన్ని జీడిపప్పు పంపుతుంది, అందులో ప్రోటీన్ ఉంటుంది కదా? అసలు నేను రోజుకు ఎంత తినాలి? ప్రస్తుతం తింటున్నది ఇది: పొద్దున్న రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, కూర, సాంబారు, మజ్జిగ. సాయంత్రం గ్రీన్ టీ, రెండు బిస్కెట్లు. రాత్రి రెండు పుల్కాలు, కూర. సోమ, శనివారాలు నీచు ముట్టను.
— ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే పక్కనే కాగితం పెట్టుకుని మీ కంచం లెక్కగట్టాను. రెండు ఇడ్లీల్లో 4 గ్రాముల ప్రోటీన్. కప్పు అన్నంలో 4. కూరగాయల కూరలు రెండు పూటలా కలిపి 4. సాంబారులో 2, మజ్జిగలో 2, బిస్కెట్లలో 1. రెండు పుల్కాల్లో 6. అంతా కూడితే 23. కాస్త ఎక్కువ వేసుకున్నా 25 దాటదు.

మీ ఇంట్లో గొడవ 148 గురించి జరుగుతోంది. ట్రైనర్ తినమంటాడు, అత్తగారు వద్దంటారు. మీరు తింటున్నది మాత్రం 25. జిమ్ గడప తొక్కని మనిషికి కూడా ఇది సరిపోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకు 0.83 గ్రాములు అవసరమంటుంది. 55 కిలోల ఆడమనిషికి అది దాదాపు 46 గ్రాములు. మీరు అందులో సగం దగ్గరే ఆగిపోయి, పైగా రోజూ వ్యాయామం చేస్తున్నారు. అలాంటప్పుడు కాళ్లు వణకడంలో వింతేముంది?

తగ్గిన 5 కిలోల్లో అంతా కొవ్వే అనుకోకండి. తిండి చాలనప్పుడు శరీరం కొవ్వుతోపాటు కండనూ కరిగించి వాడుకుంటుంది. ఒంటికి అందాల్సిన ప్రోటీన్ కంచంలోంచి రాకపోతే తొడల్లోంచి, భుజాల్లోంచి లాక్కుంటుంది. మెట్ల దగ్గర మీకు తెలుస్తున్నది అదే అయ్యుండాలి. జుట్టు సంగతీ ఇంతే. ఉన్నట్టుండి తిండి కోసేస్తే రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మొదలవుతుంది, తిండి సర్దుకున్నాక కొన్ని నెలలకి మళ్లీ వస్తుంది. అయినా తిండి ఒక్కటే కారణమని నేను ఇక్కడ కూర్చుని తేల్చేయకూడదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండడం మామూలైపోయింది, థైరాయిడ్ తేడా ఉన్నా నీరసం, జుట్టు రాలడం ఇలాగే ఉంటాయి.

ఇక ఎంత తినాలన్న ప్రశ్న. ట్రైనర్ చెప్పింది గాలిలోంచి పుట్టిన అంకె కాదు. బరువులెత్తే ఆటగాళ్లకి, ఒంట్లో కొవ్వు తక్కువగా ఉన్నవాళ్లకి కిలోకి 2 గ్రాములు చెప్పడం ఉంది. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు అధిక బరువున్న 40 మంది కుర్రాళ్లకి నాలుగు వారాలపాటు తిండి బాగా తగ్గించి, గట్టి వ్యాయామం చేయించారు. సగం మందికి కిలోకి 1.2 గ్రాములు, సగం మందికి 2.4 గ్రాములు ప్రోటీన్ ఇచ్చారు. ఎక్కువ తిన్నవాళ్లకి 4.8 కిలోల కొవ్వు తగ్గి, 1.2 కిలోల కండ పెరిగింది. తక్కువ తిన్నవాళ్లకి 3.5 కిలోల కొవ్వు తగ్గింది, కండ ఉన్నది ఉన్నట్టే నిలిచింది. జిమ్‌లలో అందరి నోటా వినిపించే పెద్ద అంకెలకి ఇలాంటి ఫలితాలే ఆధారం. కానీ ఆ కుర్రాళ్లు వారానికి ఆరు రోజులు ఒళ్లు హూనం చేసుకున్నారు, పక్కనే పరిశోధకులు కనిపెట్టుకుని ఉన్నారు. ఇంకో సంగతి, 1.2 తిన్నవాళ్లూ కండ పోగొట్టుకోలేదు. మీకు పనికొచ్చే కబురు అది.

2018లో ఇలాంటి 49 పరిశోధనలు కలిపి చూసినప్పుడు, బరువులెత్తేవాళ్లకి కిలోకి 1.6 గ్రాములు దాటాక కండ పెరగడంలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లోనూ దాదాపు ఇదే మాట ఉంది. అందుకని బరువు తగ్గుతూ వ్యాయామం చేసే మామూలు మనిషికి నేను కిలోకి 1.2 నుంచి 1.6 దాకా చెబుతాను.

ఇక్కడే ట్రైనర్ ఒక పొరపాటు చేశాడు. కిలోకి అంటే ఏ కిలోకి? మీ 74 కిలోల్లో వదిలించుకోవాలనుకుంటున్న కొవ్వు కూడా ఉంది, దాన్ని మేపడానికి ప్రోటీన్ పెద్దగా అక్కర్లేదు. మీ ఎత్తుకి 60 కిలోలు మొదటి గమ్యంగా పెట్టుకుని దాని మీద లెక్కేయండి. 72 నుంచి 96 వస్తుంది. నేనైతే మీకు 80 గ్రాములు రాస్తాను. ఒకరోజు 70, ఇంకోరోజు 90 అయినా టెన్షన్ పడక్కర్లేదు.

అయితే ఈ 80కి ముందు మీరు ఒక పని చేసి తీరాలి. ఉత్తరం రాసింది కవిటి అమ్మాయి కాకపోతే ఈ మాట చివర్లో ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. మీ విషయంలో అన్నిటికన్నా ముందుది ఇదే.

మీ అత్తగారి భయం చాదస్తం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం ఊళ్లలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఎలా పట్టి పీడిస్తోందో మీకు నేను చెప్పాలా? షుగరూ బీపీ లేనివాళ్లకీ, కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్లకీ వస్తోంది. నీళ్లని, ఎండని, పురుగుమందుల్ని, ఇలా ఎన్నిటినో అనుమానించి ఎందరో పరిశోధించారు. ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారంటే జబ్బు ఎంత లోతుగా పాతుకుందో చూడండి. మీరు అక్కడ పుట్టి, ఆ నీళ్లు తాగి పెరిగారు. మీ పెదనాన్నగారు దాంతోనే పోయారు.

ఈ జబ్బుకి ఉన్న చెడ్డ గుణం ఏమిటంటే చాలాకాలం చప్పుడు చేయదు. కాళ్ల వాపులు, ఆయాసం కనిపించేసరికి కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అందుకని జిమ్ అంకెల కంటే ముందు నాలుగు పరీక్షలు: రక్తంలో సీరం క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థం), మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రోటీన్ పోతోందో లేదో చెప్పేది), బీపీ, షుగర్. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకపోవచ్చు. కాబట్టి మూత్రం రిపోర్టు ఒక్కటే బాగుందని నిశ్చింతగా ఉండకండి, రక్తపరీక్ష తప్పనిసరి. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె ఉంటుంది. కిడ్నీలు నిమిషానికి ఎంత వడగడుతున్నాయో అది చెబుతుంది. 90 పైన ఉంటే మంచిది. 60కి, 90కి మధ్య ఉంటే మీ వయసుకి అది తక్కువే, డాక్టరుకి చూపించి మాట్లాడాలి. 60 కన్నా తక్కువగా మూడు నెలలపాటు ఉంటే దాన్ని కిడ్నీ జబ్బుగానే లెక్కేస్తారు.

పరీక్షకి ముందురోజు జిమ్ మానేయండి, ఆ రాత్రి మాంసం వద్దు. గట్టి వ్యాయామం వల్లా, ఉడికించిన మాంసం వల్లా క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపిస్తుంది, అనవసరంగా హడలిపోతారు. ప్రోటీన్ పౌడర్‌తోపాటు క్రియాటిన్ అని ఇంకో పొడి కూడా జిమ్‌లలో ఇస్తుంటారు, అది వాడినా ఇంతే. మీ ట్రైనర్ అది కూడా ఇచ్చాడేమో చూసుకోండి. వాడుతుంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి.

కిడ్నీలు బాగున్న మనిషి 80 గ్రాములు తింటే కిడ్నీలు పాడవుతాయనడానికి ఆధారం లేదు. ఈ మాట మీ అత్తగారికి ధైర్యంగా చెప్పొచ్చు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఎక్కువ ప్రోటీన్ బరువే. జబ్బు ఉన్నవాళ్లని, డయాలసిస్ దాకా రాకముందు, కిలోకి 0.8 గ్రాముల దగ్గర ఆపుతారు. డయాలసిస్ మొదలయ్యాక మళ్లీ పెంచమంటారు. అంటే ఒకే జబ్బులో కూడా ఒక్కో దశకి ఒక్కో లెక్క. ఎదురింటావిడ తింటోందని, ఫోన్‌లో ఎవరో చెప్పారని ఈ అంకెని అరువు తెచ్చుకోకూడదనడం అందుకే. మీ ఈజీఎఫ్ఆర్ తక్కువగా వస్తే నేను రాసిన 80 పక్కన పెట్టేసి నేరుగా కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. బాగుంటే ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించుకుంటూ ఉండండి.

కిడ్నీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మోకాళ్ల నొప్పులని, జిమ్ చేసి ఒళ్లు పట్టేసిందని మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు వేసుకుంటున్నారా? ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. వేసుకుంటుంటే ఇవాళే ఆపేయండి. పోలీసు సెలక్షన్లకి పరుగు ప్రాక్టీసు చేసే ఒక కుర్రాడు క్రియాటినిన్ పెరిగిందని నా దగ్గరికి వచ్చాడు. ఇంట్లోవాళ్లు నెలంతా ప్రోటీన్ పౌడర్‌ని తిట్టుకుంటున్నారు. అడగ్గా అడగ్గా తేలింది, మోకాళ్ల నొప్పికి రోజుకి రెండు బిళ్లలు మింగుతూ, ఎండలో పరిగెత్తుతూ, నీళ్లు సరిగ్గా తాగడం లేదు. డాక్టరు ఆ బిళ్లలు మానిపించాక క్రియాటినిన్ దిగింది. ఉద్దానం వైపు వాళ్లు ఈ బిళ్లల జోలికి అసలు పోకూడదు.

రిపోర్టు బాగుందనుకుందాం. 25 నుంచి 80కి ఎలా చేరడం?

ముందు సాంబారు. మన ఇళ్లల్లో "రోజూ పప్పు తింటున్నాం కదండీ" అంటారు, చూస్తే అది సాంబారో పప్పుచారో అయ్యుంటుంది. ఇవాళ మీ సాంబారు ఒక గిన్నెడు తీసుకుని టీ వడకట్టే జల్లెడలో పోసి చూడండి. పులుసు దిగిపోయాక ముక్కలు తీసేస్తే అడుగున మిగిలే పప్పు ఒకటి రెండు చెంచాలు. మీకు ఆ గిన్నెడులో 2 గ్రాములే వేసింది అందుకే. అదే కందిపప్పుని మీ గుప్పిట్లో పట్టినంత, అంటే సుమారు 40 గ్రాములు, ముద్దపప్పుగానో తోటకూర పప్పుగానో వండి మొత్తం మీరే తింటే 9 గ్రాములు వస్తుంది. గరిటె జారుగా కాకుండా గట్టిగా ఉండాలి. వంటింట్లోకి చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోండి. ఒక వారం తూచి చూస్తే చాలు, తర్వాత మీ చెయ్యే కాటా అవుతుంది.

పొద్దున్న ఇడ్లీ బదులు పెసరట్టు. పొట్టుతో ఉన్న పెసలు 60 గ్రాములు, గుప్పెడున్నర, రాత్రి పడుకోబోయే ముందు నానబోయండి. పొద్దున్నకి ఉబ్బి గిన్నె నిండుగా కనిపిస్తాయి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బుకుంటే రెండు అట్లు వస్తాయి. బియ్యం కలపకండి. నూనె చెంచాన్నర మించకుండా చూసుకోండి, పెనం బాగా కాలితే అంతకన్నా అక్కర్లేదు. ఈ రెండు అట్లలో 14 గ్రాములు. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటి పెట్టుకుంటే ఇంకో 6. పొద్దున్న తొమ్మిదికల్లా 20 వచ్చేశాయి, నిన్నటిదాకా మీకు రోజంతా వచ్చిందే అంత. ఈ ఒక్క మార్పుకే పదకొండు గంటలకి వచ్చే ఆ ఆకలి, ఆ చిరాకు సగం తగ్గుతాయి. ప్రోటీన్ తిన్నాక కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. డైటింగ్ చేసేవాళ్లకి కండ మాట ఎలా ఉన్నా ఇదే పెద్ద సాయం. ఇడ్లీ మీద మనసు పోయిన రోజు రెండు ఇడ్లీలే తిని, గుడ్లు రెండు పెట్టుకోండి.

మధ్యాహ్నం అన్నం మానక్కర్లేదు. ఇప్పుడు తింటున్న కప్పు అన్నమే తినండి, చుట్టూ ఉన్నవి మార్చండి. ముద్దపప్పు 9, అన్నం 4, పెరుగు ఒక కప్పు 5. దీనికి తోడు చేప. సముద్రం పక్కన పెట్టుకుని మనవాళ్లు ప్రోటీన్ కోసం డబ్బాల వెంట పడుతుంటే నాకు బాధేస్తుంది. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, ఏవి తాజాగా దొరికితే అవి 100 గ్రాముల ముక్కలు పులుసు పెట్టుకుంటే 18 నుంచి 20 గ్రాములు. వేపుడు వద్దు, నూనెంతా అందులోనే పోతుంది. ఎండు చేపల్లో ప్రోటీన్ ఇంకా చిక్కగా ఉంటుంది, కానీ ఉప్పు కూడా అంతే. బీపీ కొంచెం ఎక్కువున్నా, కిడ్నీల్లో తేడా ఉన్నా అటు వెళ్లొద్దు. బాగున్నవాళ్లు కూడా వేడినీళ్లలో రెండుసార్లు కడిగి ఎప్పుడో ఒకసారి వండుకోవాలి.

చేప లేని రోజు కోడిమాంసం 100 గ్రాములు, 20 పైనే. సోమ, శనివారాలు, రేపు కార్తీకమాసం వచ్చినప్పుడు నెలంతా, మీల్‌మేకర్ పనికొస్తుంది. పొడిగా తూచినప్పుడు 30 గ్రాములకి 15 గ్రాముల ప్రోటీన్. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మసాలా వేసి వండితే మీ అత్తగారు కూడా తింటారు. ఉలవ గుగ్గిళ్లు, బొబ్బర్లు మన వైపు ఎప్పటినుంచో ఉన్నవే. 50 గ్రాముల ఉలవల్లో 11 గ్రాములు. పప్పుధాన్యాల ప్రోటీన్‌లో కొరవడేది అన్నంలో ఉంటుంది, అన్నంలో కొరవడేది పప్పులో ఉంటుంది. ఒకే ముద్దలో కలవక్కర్లేదు, రోజు మొత్తంలో రెండూ పడితే చాలు.

సాయంత్రం బిస్కెట్లు ఆపేసి, జిమ్‌కి వెళ్లేముందు వేయించిన శనగలు గుప్పెడు, వచ్చాక గ్లాసు పాలు. రెండూ కలిసి 12 గ్రాములు. వ్యాయామం అయిన అరగంటలో ప్రోటీన్ తాగకపోతే అంతా వృథా అని చెబుతుంటారు, అంత కంగారు అక్కర్లేదు. రోజు మొత్తంలో ఎంత తిన్నారన్నదే ముఖ్యం. పూటకి 20 గ్రాములకు అటూ ఇటూగా పడేలా చూసుకుంటే ఒంటికి బాగా వినియోగమవుతుంది.

రాత్రి రెండు పుల్కాలు, కూర అలాగే ఉంచండి. రెండు గుడ్ల ఆమ్లెట్టో, 60 గ్రాముల పనీరో చేర్చండి. పుల్కాలతో కలిపి ఇంకో 18 గ్రాములు.

మొత్తం ఎనభై దాటింది. కేలరీలు 1,600 చుట్టుపక్కల ఉంటాయి. మీ బరువుకి, మీ వ్యాయామానికి ఈ తిండితో నెలకు కిలో నుంచి రెండు కిలోలు తగ్గుతారు. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గిన మీకు ఇది నత్తనడకలా అనిపించొచ్చు. అనిపించనివ్వండి. ఇప్పుడు తగ్గేదాంట్లో కొవ్వు పాలు ఎక్కువ. బరువు చూసే మిషనుకి ఆ తేడా తెలియదు, జాకెట్ల కొలతలకి తెలుస్తుంది, మెట్లెక్కినప్పుడు కాళ్లకి తెలుస్తుంది. ఒక్కసారిగా ఎనభైకి దూకకండి. పప్పులు అలవాటు లేని కడుపు ఉబ్బరిస్తుంది. ఈ వారం పొద్దున్న పూట మార్చండి, వచ్చేవారం మధ్యాహ్నం. నీళ్లు, కూరగాయలు తగ్గకూడదు, లేకపోతే మలబద్ధకం పట్టుకుంటుంది.

చోడి (రాగి) అంబలి గురించి మీరు అడగలేదు కానీ చాలామంది ప్రోటీన్ కోసమని తాగుతున్నారు. చోళ్లు ఎముకలకి మంచివి, కాల్షియం దండిగా ఉంటుంది. ప్రోటీన్ మాత్రం వంద గ్రాముల పిండికి 7 గ్రాములే, గ్లాసు అంబలిలో ఒకటో రెండో.

జీడిపప్పు కూడా అంతే. వంద గ్రాముల్లో 18 గ్రాముల దాకా ప్రోటీన్ ఉన్నమాట నిజం, కానీ దాంతోపాటు 580 కేలరీల పైనే వస్తాయి. 20 గ్రాముల ప్రోటీన్ జీడిపప్పు నుంచి రాబట్టాలంటే రోజు తిండిలో దాదాపు ఐదింట రెండొంతులు దానికే అయిపోతుంది. పిన్నిగారు ప్రేమగా పంపింది రోజుకి ఏడెనిమిది బద్దలు తినండి, మిగతాది ఇంట్లో పెద్దవాళ్లకి పెట్టండి.

పౌడర్ సంగతి. వే ప్రోటీన్ అంటే పాల విరుగుడు నీళ్లని ఎండబెట్టి చేసిన పొడి. మందూ కాదు, విషమూ కాదు. ఒక స్కూప్‌లో సుమారు 24 గ్రాములు ఉంటుంది. వండుకునే తీరిక లేనివాళ్లకి, గుడ్డూ చేపా ముట్టనివాళ్లకి అక్కరకొస్తుంది. మీకు అవసరం లేదు, ఎందుకంటే పైన చెప్పిన తిండితోనే సరిపోతోంది. పోషకాహార సంస్థ కూడా కండ పెంచడానికి ఇలాంటి పొడుల మీద ఆధారపడొద్దనే చెబుతోంది. నాకున్న ఇంకో భయం నకిలీ డబ్బాలు. మీ డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, తయారీ తేదీ, విదేశీ సరుకైతే దిగుమతిదారు చిరునామా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే బాబు పాల డబ్బా పక్కన దాన్ని ఉంచను కూడా ఉంచకండి.

మీ ఆడపడుచుతో మాత్రం నేను ఒప్పుకోను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల ఎత్తుడూ కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లా మీది. మా విజయనగరం పక్కన కొండవెలగాడలో ఆడపిల్లలు పొద్దున్నే లేచి బరువులెత్తుతారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఏళ్ల తరబడి అదే పనిగా సాధన చేస్తే గానీ ఆ కండ రాదు. ఆడవాళ్ల ఒంట్లో కండ పెంచే హార్మోను మగవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ, వారానికి మూడు రోజులు డంబెల్స్ పట్టుకుంటే చేతులు మారిపోవు. మీరు జిమ్‌లో ఏం చేస్తున్నారో రాయలేదు. ట్రెడ్‌మిల్ మీద నడక ఒక్కటే అయితే ట్రైనర్‌ని అడిగి బరువులు మొదలుపెట్టించండి, ముఖ్యంగా తొడలకి, నడుముకి. కండకి పని చెప్పకుండా ప్రోటీన్ ఎంత తిన్నా అది అక్కడ నిలవదు. ట్రైనర్ మంచి కోరే చెప్పాడు, ప్రోటీన్ చాలట్లేదని పసిగట్టింది కూడా ఆయనే. ఆయనతో తగువు వద్దు, ఈ 80 లెక్క చూపించండి.

మీ అత్తగారిని ఈ పరీక్షకి వెంటబెట్టుకుని వెళ్లండి. ఆవిడ వయసెంతో రాయలేదు, ఆవిడకీ అదే రోజు క్రియాటినిన్ చూపించండి. వయసు పైబడ్డవాళ్లకీ కండ కరుగుతుంది, రాత్రి మజ్జిగన్నం మాత్రమే తినే అలవాటుంటే ఆవిడ కంచం మీదానికన్నా ఖాళీగా ఉండొచ్చు. రిపోర్టు బాగుంటే పెసలు ఇద్దరికీ సరిపడా నానబోయండి. కవిటిలో మీ అమ్మానాన్నలకి, అన్నదమ్ములకి కూడా ఫోన్ చేసి పరీక్ష చేయించుకోమనండి.

రిపోర్టులు వచ్చాక అంకెలు నాకు రాసి పంపండి. అప్పటిదాకా ఆ డబ్బా సీలు తియ్యకండి. విప్పని డబ్బాని షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారేమో బిల్లు పట్టుకెళ్లి అడగండి.